మొదటి పడవ కొనిపించకండి: ఓపెన్ కెనూలోకి కొత్తవాళ్లను తీసుకొచ్చే దారి

అట్లాంటా ఉత్తరపు శివార్ల నుంచి తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ల వేళకు నార్త్ కరోలినాలో నంతహాలా నది ఒడ్డున ఉంటాం. వేసవి శనివారాల్లో అక్కడ రాఫ్టులు, కయాక్‌లు బారులు తీరి ఉంటాయి. ఓపెన్ కెనూలను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో కనబడేవాళ్లలో ఎక్కువమంది తల నెరిసినవాళ్లే. ఇంత మంచి విద్య వాళ్లతో ఆగిపోతుందేమోనన్న బెంగే నాచేత ఇది రాయిస్తోంది.

ఓపెన్ కెనూ పైన మూత లేని పడవ. మన దోనెకు దగ్గరి చుట్టం. కయాక్‌లో కాళ్లు చాపుకుని, రెండు చివరలా ఆకు ఉన్న తెడ్డు వేస్తారు. ఇక్కడ మోకాళ్ల మీద కూర్చోవాలి, తెడ్డుకు ఒకటే ఆకు. కూర్చున్న ఎత్తు ఎక్కువ కాబట్టి రాళ్ల మధ్య దారి ముందుగానే కనబడుతుంది. నీటిని బలంతో గెలవడం కుదరదు, అది ఎటు పోతోందో చూసి దానితో పని చేయించుకోవాలి. గోదావరి గట్టున పెరిగినవాడిగా నన్ను కట్టిపడేసింది అదే.

ఆరేళ్లుగా తెలుగు మిత్రుల్ని నదికి తీసుకెళ్తున్నాను. మొదటి రెండేళ్లలో పదిమందికి పైగా వచ్చారు, రెండోసారి వచ్చింది ఇద్దరే. భయపడ్డారనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరినీ అడిగితే భయం మాట ఎవరూ ఎత్తలేదు. ఒకరికి మోకాళ్లు పట్టేశాయి. ఒకరు సామాను ధరలు చూసి వెనక్కి తగ్గారు. ఒకరు రోజంతా నీళ్లు తోడడంతోనే సరిపోయిందన్నారు. ఇవి నది పెట్టిన ఇబ్బందులు కావు, పిలిచినవాళ్లం మేం సరిచేయగలిగినవే. మీకు రెండు మూడేళ్ల అనుభవం ఉండి, నలుగురిని వెంట తీసుకెళ్లాలనుకుంటుంటే కింద రాసినవి పాటించి చూడండి. కొత్తగా నేర్చుకోబోయేవాళ్లు చదివినా, తమను పిలిచినవాళ్లను ఏమేం అడగాలో తెలుస్తుంది.

1. నాలుగు ఇళ్లకు ఒక పడవ

వడి నీళ్ల కోసం చేసిన, ఒక్కరు కూర్చునే కొత్త వైట్‌వాటర్ కెనూ, లోపలి అమరికతో కలిపి, 2,000 డాలర్లు దాటడం మామూలే. దీని వెనక ఒక కథ ఉంది. చాలా ఏళ్లపాటు ఈ పడవల్ని రాయలెక్స్ అనే పలకతో చేసేవారు. మధ్యలో నురుగు (ఫోమ్), దానికి అటూ ఇటూ ఏబీఎస్ ప్లాస్టిక్, పైన వినైల్ పొర. రాయికి గుద్దుకుంటే లోపలికి సొట్టపడి మళ్లీ తన రూపానికి వచ్చేసేది, పైగా తేలిక. ఆ తయారీని చేతిలోకి తీసుకున్న పాలీవన్ సంస్థ 2014లో దాన్ని ఆపేసింది. తర్వాత కెనడాలోని ఎస్కీఫ్ సంస్థ టీ-ఫార్మెక్స్ అనే పలక తెచ్చింది. పాలిథిలీన్ పడవలూ ఉన్నాయి, గట్టివే కానీ బరువు. మొత్తానికి చౌకగా దొరికేవి పాతవాళ్ల గరాజ్‌లలో బోర్లించి ఉన్న రాయలెక్స్ పడవలే.

మొదటి అయిదారు ప్రయాణాల దాకా కొత్తవాళ్ల చేత పడవ కొనిపించకండి. ఏ పడవ నప్పుతుందో అప్పటికి వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు. మేం చీటీ పద్ధతిలో ఆలోచించాం. నాలుగు ఇళ్లు, ఇంటికి 300 డాలర్లు, మొత్తం 1,200. పాత పడవకు 550, పడవలో నీళ్లు నిండకుండా పెట్టే గాలి సంచులకూ కూర్చునే అమరికకూ కలిపి 320, రెండు ప్లాస్టిక్ తెడ్లకు 90. మిగిలిన 240 రెండు హెల్మెట్లకూ రెండు లైఫ్ జాకెట్లకూ సరిపోయాయి. అన్నీ తగ్గింపు ధరల్లో దొరికేదాకా ఓపిక పట్టాం. లైఫ్ జాకెట్ మాత్రం కొత్తదే కొనండి. లోపల అమెరికా కోస్ట్ గార్డ్ ఆమోదం ముద్ర ఉండాలి. ఎండకు ఎండి నురుగు చచ్చిపోయిన పాత జాకెట్ చూడ్డానికి బాగానే ఉంటుంది, మనిషిని మాత్రం తేల్చదు.

ఉమ్మడిగా కొనే మొదటి పడవ ఇద్దరు కూర్చునేదై ఉండాలని నేను పట్టుబడతాను. ఓల్డ్ టౌన్ వాళ్ల ట్రిప్పర్ లాంటి 17 అడుగుల పాత పడవ అయినా ఫరవాలేదు. వెనక అనుభవం ఉన్న మనిషి, ముందు కొత్త మనిషి. నడిపే భారం లేకపోతే కొత్తవాళ్ల కళ్లు నీటి మీద నిలుస్తాయి. ఇద్దరు కొత్తవాళ్లను మాత్రం, ముఖ్యంగా భార్యాభర్తల్ని, మొదటి రోజే ఒకే పడవలో కూర్చోబెట్టకండి. ఆ సాయంత్రం కారులో ఇద్దరి మధ్యా మాటలుండవు, నది పేరెత్తితే ఆ రోజే గుర్తొస్తుంది. ఒక్కరి పడవ రెండో ఏడాది చూసుకోవచ్చు. మొహాక్ ప్రోబ్ 12, మ్యాడ్ రివర్ అవుట్‌రేజ్ లాంటి 12 అడుగుల పాత రకాలు నేర్చుకునేవాళ్లకు అనువుగా ఉంటాయి. ఇప్పుడొచ్చే 8, 9 అడుగుల పొట్టి పడవలు ఇట్టే తిరుగుతాయి, కానీ వాటిని తిన్నగా నడపడానికే కొత్తవాళ్లకు రోజు గడిచిపోతుంది.

2. పాత పడవను పగటి వెలుగులో చూడండి

నా మొదటి పడవను సాయంత్రం వేళ, వాన తడి ఆరకముందే చూసి కొన్నాను. ఇంటికి తెచ్చి ఎండలో తిప్పితే అంచు చెక్క పొడవునా, మర మేకు ఉన్న ప్రతిచోటా కిందికి దిగిన వెంట్రుకవాసి చీలికలు. చలికి ప్లాస్టిక్ ముడుచుకున్నంతగా చెక్క ముడుచుకోదు. మేకులు పట్టి ఉంచడంతో ప్లాస్టిక్ ఆ రంధ్రాల దగ్గర చీలుతుంది.

కాబట్టి ముందు అంచు కింద వేలితో తడుముతూ వెళ్లండి. చెక్క అంచు అయితే రెండు కొసల్లో గోరు గుచ్చి చూడండి, గోరు దిగితే చెక్క పుచ్చినట్టే. పడవను బోర్లించి అడుగంతా బొటనవేలితో నొక్కండి. ఒకచోట మెత్తగా లోపలికి పోతుంటే అక్కడ పొరలు విడిపోయాయి. రెండు కొసలూ అరిగి ఏబీఎస్ కనబడితే భయం లేదు, ఎపాక్సీ జిగురుతో అతుకు వేసుకోవచ్చు. ఈ ప్లాస్టిక్‌కు వెస్ట్ సిస్టమ్ వాళ్ల జీ-ఫ్లెక్స్ బాగా పట్టుకుంటుంది. లోపలి నురుగు కనబడుతుంటే మాత్రం బేరమాడకుండా వచ్చేయండి.

3. మోకాళ్లు

మిగతా వాటికన్నా ఈ పనికి ఎక్కువ సమయం ఇవ్వండి. మోకాళ్లు నొప్పి పుట్టిన మనిషికి నది కనబడదు.

మనలో చాలామంది చిన్నప్పుడు పీట మీద, నేల మీద కూర్చుని తిన్నవాళ్లమే. ఇరవై ఏళ్ల ఆఫీసు కుర్చీ ఆ అలవాటు పోగొట్టింది. నదికి వెళ్లే రెండు వారాల ముందు నుంచి రోజూ పది నిమిషాలు వజ్రాసనంలో కూర్చోమని చెప్పండి. ఈ సలహాకు పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం పడవలోకి దిగిన గంటలోనే తెలుస్తుంది.

పడవలో కూర్చునేది గుర్రపు జీనులాంటి నురుగు దిమ్మె. దానికి అటూ ఇటూ కాళ్లు వేసి మోకాళ్లు పడవ అడుగున ఆనిస్తాం. దిమ్మె తక్కువ ఎత్తుంటే నిలకడ ఎక్కువ, ఎత్తు పెరిగితే మోకాళ్లకు సుఖం. కొత్తవాళ్లకు నేను 8 అంగుళాలతో మొదలుపెడతాను. నిలకడ వచ్చాక అర అంగుళం చొప్పున కోసేయొచ్చు. మోకాళ్ల కింద అంగుళం మందం నురుగు ముక్కలు అతికించండి. ఇక చాలామంది మరిచిపోయేది చీలమండ. పాదం వెనక్కి వంగి పడవ అడుగుకు నొక్కుకుపోయి, పావుగంటలో తిమ్మిరెక్కుతుంది. పిల్లలు ఈతకొలనులో ఆడుకునే నురుగు గొట్టాన్ని జానెడు ముక్క కోసి చీలమండ కింద పెట్టండి. ఒక గొట్టం ఇద్దరికి సరిపోతుంది.

అతికించే పని ఇలా. పడవ లోపలి వినైల్‌ను గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, ఆల్కహాల్‌తో తుడిచి ఆరనివ్వాలి. రెండు వైపులా కాంటాక్ట్ సిమెంట్ పలుచగా పూసి, ఆరాక మరో పూత వేయాలి. వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు కలపాలి. ఒకసారి తగిలిందంటే మళ్లీ జరపలేం కాబట్టి ముందే పెన్సిల్‌తో గీతలు గీసుకోండి. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచే చేయండి, ఆ ఆవిరి తలకెక్కుతుంది. తొడ పట్టీలు కట్టే రింగులకు వినైల్ కోసమే చేసిన జిగురు వాడాలి. పాలిథిలీన్ పడవకు ఏ జిగురూ నమ్మకంగా పట్టదు, అక్కడ బోల్టులే శరణ్యం.

తొడ పట్టీలు మనిషినీ పడవనూ ఒకటి చేస్తాయి, కాబట్టి అవి వదిలే తీరు కూడా అంతే ముఖ్యం. పెరట్లో గడ్డి మీద పడవ పెట్టి, కొత్త మనిషిని కూర్చోబెట్టి పట్టీలు బిగించి, పక్కకు ఒరగదోయండి. కళ్లు మూసుకుని, ఒంటిచేత్తో బయటికి రాగలగాలి. మూడుసార్లు తడుముకోకుండా వచ్చేదాకా నీళ్లలోకి వద్దు.

4. నీళ్లు నిండే చోటును తగ్గించండి

లీటరు నీళ్లు కిలో బరువు. ఖాళీ పడవలోకి 100 గ్యాలన్లు వచ్చాయంటే దాదాపు 380 కిలోలు. అంత బరువు ప్రవాహంతో వచ్చి మనిషిని రాయికి అదిమితే ఇంకేమీ మిగలదు. అందుకే మనుషులు కూర్చునే చోటు తప్ప మిగతా అంతా గాలి సంచులతో నింపుతాం. సంచులు ఎగిరిపోకుండా అంచు కింద మూడు నాలుగు అంగుళాలకొక చిన్న రంధ్రం వేసి, పారాచూట్ తాడును మంచానికి నులక అల్లినట్టు అటూ ఇటూ అల్లాలి. ఎండలో నిలిపిన పడవలో సంచులు బిగువుగా ఊదితే పగులుతాయి. కొంచెం వదులుగా ఊది, చల్లటి నీళ్లలోకి దిగాక మళ్లీ ఊదండి, అప్పటికి లోపలి గాలి ముడుచుకుపోయి ఉంటుంది.

తోడడానికి గ్యాలన్ పాల డబ్బా చాలు. మూత గట్టిగా బిగించి, అడుగును ఏటవాలుగా కోసి, పిడికి తాడు కట్టి పడవకు ముడివేయండి. బ్యాటరీ పంపు తర్వాతి మాట.

5. మొదట నిశ్చలమైన నీళ్లు

మన తరంలో ఈత రానివాళ్లు చాలామంది. ఆ మాట నలుగురిలో చెప్పడానికి మొహమాటపడతారు, అందుకే విడిగా అడగండి. ఈత రానివాళ్లు ముందు కొలనులో పాఠాలు నేర్చుకోవాలి. లైఫ్ జాకెట్ ఉంది కదా అని నదిలోకి దింపడం తప్పు. తల మునిగినప్పుడు ఊపిరి బిగబట్టడం జాకెట్ నేర్పదు.

మేం మొదటి పూటను అట్లాంటాకు ఆనుకునే ఉన్న బుల్ స్లూయిస్ చెరువులో గడుపుతాం. చాటహూచీ నదికి మోర్గన్ ఫాల్స్ దగ్గర కట్టిన ఆనకట్ట వెనక నిలిచిన నీళ్లు అవి. ముందు కావాలనే బోల్తా కొట్టిస్తాం. పడటం అనుభవంలోకి వచ్చాక భుజాలు వదులవుతాయి, ఆ తర్వాతే తెడ్డు పాఠం చెవికెక్కుతుంది. తర్వాత తెడ్డు వేసే తీరులు మూడే: ముందుకు లాగడం, పక్కకు లాక్కునే డ్రా, తెడ్డు చేతులు మార్చకుండా నడుము తిప్పి అవతలి పక్క వేసే క్రాస్ డ్రా. చేతులు మారుస్తూ అటొకటి ఇటొకటి కొట్టే అలవాటును మొదటి గంటలోనే మాన్పించాలి. వడి నీళ్లలో చేతులు మార్చే ఆ అర క్షణంలోనే తిరగబడతారు.

6. ఏ నది ముందు

నంతహాలా పేరున్న నది. 1972లో మొదలైన నంతహాలా అవుట్‌డోర్ సెంటర్ వల్ల వేలమంది అక్కడే ఓనమాలు దిద్దారు. అయినా ఓపెన్ కెనూలో మొదటి నదిగా దాన్ని నేను ఎంచుకోను. ఆ నీళ్లు జలాశయం లోతుల్లోంచి వస్తాయి, వేసవిలోనూ 50 డిగ్రీల ఫారన్‌హీట్ అటూ ఇటూగా ఉంటాయి. పైగా పడవ దింపిన కాసేపటికే ప్యాటన్స్ రన్ అనే రాపిడ్, అంటే రాళ్ల మధ్య నీళ్లు వడిగా ఉరికే చోటు, ఎదురవుతుంది. ఒళ్లు వేడెక్కకముందే పరీక్ష. వెళ్లక తప్పదంటే సగం దారిలో ఉన్న ఫెరిబీ పార్క్ దగ్గర దింపండి. చలిని ఆపే వెట్‌సూట్ అద్దెకు తీసుకోండి, నూలు బట్టలు వద్దు.

నా ఓటు టెనెసీలోని హైవాసీ నదికి. అపలాచియా పవర్‌హౌస్ దగ్గర దిగి రిలయన్స్ దాకా సగం రోజు ప్రయాణం. వెడల్పైన నది, రాపిడ్లు చాలావరకు క్లాస్ 1, 2 స్థాయివి, అంటే తేలికవి. ఒక్కో రాపిడ్ తర్వాత ఊపిరి పీల్చుకునే చోటు ఉంటుంది. నీళ్లు వదిలే వేళలు అక్కడి ఆనకట్టలు నడిపే ప్రభుత్వ సంస్థ టీవీఏ ముందే ప్రకటిస్తుంది, బయల్దేరే ముందు చూసుకోండి. ఇక్కడా నీళ్లు చల్లగానే ఉంటాయి కాబట్టి జులై, ఆగస్టు నెలలు మంచివి. రెండో ప్రయాణానికి నార్త్ కరోలినాలో డిల్స్‌బరో దగ్గరి టకసీజీ నది బాగుంటుంది.

నీళ్లలో పడితే చేయాల్సింది ఒడ్డునే నేర్పండి: వెల్లకిలా తేలుతూ, కాళ్లు పైకెత్తి దిగువకు పెట్టాలి. మోకాలి లోతు దాటిన వడి నీళ్లలో నిలబడే ప్రయత్నం చేయకూడదు, రాళ్ల సందులో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. పడవకు ఎగువనే ఉండాలి. నీళ్లలో పడిపోయిన చెట్టు కనబడితే ఎంత దూరమైనా తప్పుకోవాలి. గుంపులో, నీళ్లలో పడినవాళ్లకు తాడు సంచి విసరడం సాధన చేసినవాళ్లు ఇద్దరైనా లేకపోతే ఆ రోజు దిగకండి.

7. ఒక్క మలుపు చాలు

రాపిడ్లు ఎన్ని దాటించామన్నది లెక్కలోకి రాదు. నదిలో పడవను ఆపడం చేతనైతే కొత్తవాళ్లు మళ్లీ వస్తారు. పెద్ద రాయి వెనక నీళ్లు ఎగువకు తిరిగి నెమ్మదిస్తాయి. ఆ చోటు పేరు ఎడ్డీ. చుట్టూ నది పరుగెడుతున్నా అక్కడ పడవ గూట్లో పిట్టలా నిలుస్తుంది.

క్రితం ఏడాది హైవాసీలో మా మిత్రుడి భార్య ముందు కూర్చుంది, నేను వెనక. రాయి ముప్ఫై అడుగుల దూరంలో ఉండగా చెప్పాను.

"చెల్లెమ్మా, ఆ రాయి పక్కన నురగ గీత చూడు. అవతల నీళ్లు వెనక్కి పోతున్నాయి. పడవ ముక్కు గీత దాటాక తెడ్డు ఆ నీళ్లలో గుచ్చి, కదపకుండా పట్టుకో."

"ఎంతసేపన్నయ్యా?"

"పడవే చెబుతుంది."

ముక్కు గీత దాటింది. తెడ్డు గుచ్చి పట్టుకుంది. ఇద్దరం సైకిల్ మలుపు తిప్పినట్టు లోపలి పక్కకు వాలాం. ముందు భాగాన్ని ఎదురు నీళ్లు పట్టుకున్నాయి, వెనక భాగాన్ని నది ఇంకా కిందికి తోస్తూనే ఉంది, పడవ గిర్రున తిరిగి ఎగువకు మొహం పెట్టి ఆగింది. తను తెడ్డు అలాగే పట్టుకుని వెనక్కి తిరిగి, "ఆగిపోయింది!" అంది. ఆ రాయి దగ్గరే మళ్లీ మళ్లీ వెళ్లి తిప్పాం. మిగతా పడవలు మాకోసం ఒడ్డున ఆగాయి.

కావాల్సినవి మూడే: నీటి కన్నా కాస్త ఎక్కువ వేగం, గీతను ఏటవాలుగా కోయడం, మలుపు లోపలికి వాలడం. ఎడ్డీలోంచి బయటికొచ్చేటప్పుడు దిగువకు వాలాలి, ఎగువకు వాలితే నీరు అంచు మీదకెక్కి పడవను తిప్పేస్తుంది. నదిని అడ్డంగా దాటడం గోదావరి పడవవాళ్లను చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. వడి ఎక్కువగా ఉన్నప్పుడు వాళ్లు అవతలి రేవుకు తిన్నగా గురిపెట్టరు. ముక్కు ఎగువకు పెట్టి, కొద్దిగా ఏటవాలుగా నిలిపి, నీటిచేతే పక్కకు నెట్టించుకుంటారు. ఇక్కడా అదే విద్య.

8. రోజు ఖర్చు, రోజు సుఖం

పెట్రోలు, తిండి, మనుషుల్ని తిరిగి కార్ల దగ్గరికి చేర్చడం, ఇవే ఖర్చు. రెండు కార్లుంటే ఒకటి దిగువన వదిలి రావచ్చు, అద్దె బండి అక్కర్లేదు. తిండికి పులిహోర, పెరుగన్నం నీళ్లు చొరని సంచిలో పెట్టి తీసుకెళ్తాం. ఒడ్డున ఉండే పెద్దవాళ్లకూ పిల్లలకూ నీడ, పక్కనే స్నానాల గది ఉన్న దిగుడు చోటు ఎంచుకోండి. ఆడవాళ్లకు తడి బట్టలు మార్చుకునే చోటు లేకపోవడం చాలా ఇళ్లలో ఈ ప్రయాణాలు మానిపించే అసలు కారణం, దాన్ని పైకి ఎవరూ అనరు. మేం నాలుగు గొట్టాలతో నిలబడే చిన్న గుడారం ఒకటి కారులో ఉంచుకుంటాం.

మీరు ఎంత బాగా నడిపినా, మూడో ప్రయాణం తర్వాత కొత్తవాళ్లను శిక్షణ ఉన్నవాళ్లకు అప్పజెప్పండి. జార్జియా కెనూయింగ్ అసోసియేషన్ లాంటి క్లబ్బులు సభ్యులకు తరగతులు పెడతాయి. 1880లో పుట్టిన అమెరికన్ కెనూ అసోసియేషన్ బోధకులకు ధ్రువపత్రాలిస్తుంది. క్లబ్బులో చేరితే ఇంకో మేలు కూడా ఉంది. పాత పడవలు అమ్మకానికి వస్తున్న కబురు బయటికి పొక్కకముందే అక్కడ తెలుస్తుంది.

9. సొంత పడవ వేళ

ఎడ్డీలోకి రెండు పక్కల నుంచీ తిరగగలిగి, పడవ బోల్తాపడితే తానే ఒడ్డుకు తెచ్చుకోగలిగితే సొంత పడవ గురించి ఆలోచించవచ్చు. మా గుంపులో ఒక కట్టుబాటు ఉంది. సొంత పడవ కొనుక్కుని వెళ్లేవాళ్లు ఉమ్మడి పడవలో తమ వాటాను, తాము పెట్టిన డబ్బుకే, కొత్తగా చేరేవాళ్లకు ఇవ్వాలి. అలా మా ఉమ్మడి ట్రిప్పర్ పడవ ఇప్పుడు మూడో జట్టు చేతుల్లో ఉంది.

పడవలోనే ప్లాస్టిక్ సంచిలో ఒక నోటు పుస్తకం ఉంచండి. ఎవరు తీసుకెళ్లారు, ఏ పట్టీ వదులైంది, ఏ సంచి గాలి దిగుతోంది అన్నీ అందులో రాయాలి. నవంబరులో పడవను నీడలో, నేలకు తగలకుండా, అంచుల మీద బోర్లించండి. గాలి సంచులు సగం వదలండి. అంచు చెక్కదైతే మర మేకులన్నీ రెండేసి చుట్లు వదులు చేసి, మళ్లీ బిగించాల్సిన తేదీని ఆ పుస్తకం మొదటి పేజీలోనే రాసి పెట్టండి.